రాడ్డు వేసిన కాలి నుంచి చీము వస్తుంటే

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కదిరి దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. మా వారి వయసు 41, క్యాబ్ నడుపుతారు. ఐదు నెలల కిందట వానలో బైకు జారి పడితే కుడికాలు మోకాలి కింద విరిగింది. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి కనబడింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గాయం కడిగి లోపల రాడ్డు వేశారు. షుగర్ ఉందని కూడా అప్పుడే తెలిసింది. రెండు నెలలు బాగానే ఉన్నారు. తర్వాత ముంగాలి మీద చిన్న పుండు లేచి రసి కారడం మొదలైంది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ వేసుకుంటే మూతపడుతుంది, ఆపిన వారం పది రోజులకు మళ్లీ చీము వస్తుంది. ఇప్పటికి మూడుసార్లు ఇలా అయింది. జ్వరం లేదు, కర్ర పట్టుకొని నడుస్తున్నారు. ఇప్పుడు చూపించిన డాక్టరు మాత్రలన్నీ ఆపేయమన్నారు, మళ్లీ ఆపరేషన్ చేయాలంటున్నారు. చీము కారుతుంటే మాత్రలు ఆపడమేమిటో అర్థం కాక టెన్షన్‌గా ఉంది. మా అత్తగారేమో ఇనుము ఒంటికి పడలేదు, రాడ్డు తీయించి పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటున్నారు. పప్పు, వంకాయ, గుడ్డు తింటే చీము పడుతుందని ఇన్నాళ్లూ చారన్నమే పెడుతున్నాం. కాలు తీసేయాల్సి వస్తుందా? మొదటి ఆసుపత్రి వాళ్లదేమైనా తప్పా? మళ్లీ బండి ఎప్పుడు తోలగలరు? మా మరిది కూడా బైకు మీదే డెలివరీలు చేస్తాడు, ఇలాంటిది జరిగితే ముందే ఏం చేయాలో కూడా చెప్పండి. — ఒక సోదరి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీకు ఎక్కువ భయంగా ఉన్నదానికే ముందు జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి కాలు తీసేయాల్సిన పరిస్థితి కనబడటం లేదు. ఆయన నడుస్తున్నారు, జ్వరం లేదు, పుండు చిన్నది. ఇలాంటి కాళ్లలో చాలావాటిని నిలబెట్టవచ్చు. కానీ ఇది చర్మం మీది పుండు కాదు. రాడ్డు వేసిన చోట చీము కారే రంధ్రం మూతపడుతూ, మళ్లీ తెరుచుకుంటూ ఉంటే దాని వేరు ఎముక దగ్గర, రాడ్డు దగ్గర ఉన్నట్టే లెక్క. ఇప్పుడు చూసిన డాక్టరు సరిగ్గానే చెప్పారు. మందుల షాపు మాత్రలతో ఇంకో మూడు నెలలు నెట్టుకురావడమే ఇప్పుడు కాలికి అన్నిటికన్నా పెద్ద ముప్పు.

మాత్రలు వేస్తే తగ్గుతున్నట్టు ఎందుకు కనబడుతోందో చెబుతాను. ఇలాంటి గాయాల్లో ఎక్కువగా దొరికే క్రిమి స్టెఫిలోకాకస్ ఆరియస్. అది రక్తంలోనో కండలోనో తేలుతూ ఉన్నప్పుడు మందుకు లొంగుతుంది. లోహం మీద అతుక్కుంటే మాత్రం తన చుట్టూ జిగురులాంటి పొర అల్లుకుంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. మీ ఇంటి మీది నీళ్ల ట్యాంకులో గోడలకు పాచి పడితే నీళ్లు ఎన్నిసార్లు మార్చినా పోదు కదా, లోపలికి దిగి గీకాల్సిందే. ఇదీ అంతే. మాత్ర వేసినప్పుడు పొర బయట తిరిగే క్రిములు చస్తాయి, చీము తగ్గుతుంది, పుండు మూసుకుంటుంది. పొర లోపలివి బతికే ఉంటాయి. మాత్ర ఆపగానే మళ్లీ బయటికి వస్తాయి. దీనికి తోడు, విరిగినప్పుడు రక్తప్రసారం తెగిపోయి చచ్చిన ఎముక ముక్క ఏదైనా లోపల ఉంటే అక్కడికి మందు చేరే దారే లేదు, ఎందుకంటే మందు వెళ్లేది రక్తంతోనే.

మరి మాత్రలు ఆపమనడం ఎందుకంటే, లోపల ఉన్నది ఏ క్రిమో, అది ఏ మందుకు లొంగుతుందో తెలియాలి. మందు వాడుతుండగా లోపలి నుంచి ముక్క తీసి కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపితే క్రిమి ఉండి కూడా పెరగదు, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది. అందుకే వీలైతే రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపి ఆ తర్వాత శాంపిల్ తీస్తారు. ఈ రెండు వారాలూ మీరు ఊరికే కూర్చోకూడదు. రోజూ టెంపరేచర్ చూడండి. చలిజ్వరం వచ్చినా, కాలు ఎర్రగా వేడిగా పొంగినా, మనిషి మాట తడబడినా, ఒంట్లో బాగోలేదని అన్నా గడువు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు మందు మొదలుపెట్టక తప్పదు. షుగర్ మాత్రలు మాత్రం ఆపకూడదు. ఆపేది యాంటీబయాటిక్ ఒక్కటే. ఇది విడమరిచి రాయడానికి కారణముంది: మాత్రలన్నీ ఆపమన్నారని షుగర్ మందు కూడా మానేసి వచ్చేవాళ్లు ఉంటారు.

పుండు పైన దూదిపుల్లతో తుడిచి పంపే స్వాబ్ కల్చర్ మీద ఆధారపడకండి. అందులో చర్మం మీది క్రిములే ఎక్కువ దొరుకుతాయి, లోపలి దొంగ వేరే ఉంటాడు. ఆపరేషన్ థియేటర్‌లో ఎముక దగ్గర నుంచి, రాడ్డు పక్క నుంచి కనీసం ఐదు చోట్ల ముక్కలు తీయాలి. ఒక్కోదానికి వేరే శుభ్రమైన పరికరం వాడాలి, ఒక్కోటీ వేరే సీసాలో వెళ్లాలి. అందులో రెండింటిలో ఒకే క్రిమి పెరిగితే ఇన్ఫెక్షన్ ఖాయమైనట్టు. ఎముకకు గాని రాడ్డుకు గాని దారి ఉన్న రంధ్రం, చీము, ఈ రెండిట్లో ఏది ఉన్నా ఇన్ఫెక్షన్ ఉన్నట్టేనని 2018లో అంతర్జాతీయ నిపుణులు ఒక నిర్వచనానికి వచ్చారు. కాబట్టి ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఏమీ లేదని అనుకోవద్దు. ఒక ముక్క టీబీ పరీక్షకు కూడా పంపమని అడగండి. మన దేశంలో ఎముక నుంచి రసి కారుతుంటే ఆ అనుమానం కూడా తీర్చుకోవాలి.

ఇక రాడ్డు సంగతి. ఇనుము పడకపోవడం అనేది ఇక్కడ జరిగింది కాదు. ఆ రాడ్డు స్టెయిన్‌లెస్ స్టీలుతోనో టైటానియంతోనో చేసింది. వాటికి ఒళ్లు ఎదురు తిరగడం చాలా అరుదు. అత్తగారి మాటలో ఒక నిజం ఉంది, క్రిములు దాక్కున్నది ఆ లోహం మీదే. అయితే రాడ్డు తీసేస్తే సరిపోతుందని అనుకుంటే మాత్రం ప్రమాదం. అతకని ఎముకను వదులుగా వదిలేస్తే రెండు కొసలూ ఒకదానికొకటి రాసుకుంటాయి, కొత్తగా పుట్టే రక్తనాళాలు తెగిపోతాయి, ఇన్ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా కదలకుండా పట్టి ఉంచితే ఎముక అతుకుతుంది. కదులుతూ ఉంటే ఎంత మంచి మందు వాడినా అతకడం కష్టం. ఈ జబ్బులో కదలకుండా పట్టి ఉంచడం కూడా వైద్యమే.

అందుకని డాక్టర్ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎముక అతికిందా, లేదా? ఎక్స్‌రేలో తేలకపోతే సీటీ స్కాన్ చేస్తారు. అతికి ఉంటే దారి సులువు. రాడ్డు తీసి, అది ఉన్న ఎముక లోపలి గొట్టమంతా గీకి కడిగి, దాదాపు ఆరు వారాలు మందు ఇస్తారు. అతకకపోతే ఐదు నెలల పాత రాడ్డును అలాగే ఉంచి పైపైన కడగడం సాధారణంగా సరిపోదు, ఈపాటికి పొర బాగా ముదిరి ఉంటుంది. ఆపరేషన్ అయిన మొదటి కొద్ది వారాల్లోనే చీము పట్టినవాళ్లకు అయితే రాడ్డు ఉంచి కడిగి బాగుచేసే అవకాశం ఎక్కువ. అందుకే రసి కారిన మొదటి వారమే వెళ్లాలని అంటాం. మీ వారి విషయంలో బహుశా రాడ్డు తీసి, చచ్చిన ఎముకను చెక్కేస్తారు. ఎంతవరకు చెక్కాలనేది సర్జన్ కంటితో చూసి తేల్చుకుంటారు: తెల్లగా, పొడిగా ఉన్న ఎముక తీసేస్తూ పోతే ఒక చోట అంచు నుంచి సన్నటి చుక్కలుగా రక్తం ఊరుతుంది, అక్కడ ఆపుతారు. తర్వాత జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పూసిన రాడ్డు గాని, బయటి నుంచి పట్టి ఉంచే ఫ్రేము గాని వేస్తారు. ఒక్కోసారి ఇది రెండు ఆపరేషన్ల పని. ఆ మాట ముందే చెప్పించుకోండి, ఖర్చుకూ సెలవుకూ మనసుకూ సిద్ధం కావచ్చు.

చెక్కిన ఎముక ఎక్కువైతే కాలి చుట్టూ బయట బిగించే ఇలిజారోవ్ రింగులు వేయాలంటారు. సైబీరియాలోని కుర్గాన్‌లో గావ్రిల్ ఇలిజారోవ్ అనే డాక్టరు 1950ల్లో రూపొందించిన పద్ధతి అది. ఎముకను ఒక చోట కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరిపితే ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. ఆ మిల్లీమీటరు కూడా ఒక్కసారిగా కాదు, నాలుగు విడతలు. నట్టు తిప్పేది ఇంట్లో మీరే. నెలల తరబడి సాగే పని, తీగలు చర్మంలోకి దిగే చోట రోజూ శుభ్రం చేయాలి. చూడటానికి భయం వేస్తుంది కానీ చాలా కాళ్లు దానివల్లే నిలబడ్డాయి.

యాంటీబయాటిక్ అనగానే ఆరు వారాలు ఆసుపత్రిలోనే సూదులు వేయించుకోవాలేమోనని దిగులుపడకండి. ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్లలో మొదటి ఆరు వారాలు సూది మందు ఇచ్చినా, సరైన మాత్రలు ఇచ్చినా ఫలితం దాదాపు ఒకటేనని బ్రిటన్‌లో వెయ్యికి పైగా రోగుల మీద చేసిన ఓవివా పరిశోధన 2019లో చూపించింది. అయితే ఏ మాత్ర అనేది కల్చర్ రిపోర్టు చూసి చెప్పాల్సిన మాట. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారుపడొద్దు. దాన్ని ఒంటరిగా వాడకూడదు, జత మందును మధ్యలో ఆపకూడదు. కొత్త లోహం లోపల ఉంచితే కోర్సు పన్నెండు వారాల దాకా సాగవచ్చు.

పుత్తూరు కట్టు గురించి మీ అత్తగారిని నొప్పించకుండా చెప్పండి. చర్మం చీలకుండా, ఎముక పక్కకు జరగకుండా విరిగితే ఆకు పసరు, వెదురు బద్దల కట్టుతో మన పల్లెల్లో ఎంతోమందికి అతికింది, ఆ నమ్మకం అందులోంచే వచ్చింది. మీ వారికి జరిగింది అది కాదు. ఎముక విరిగి బయటికి వచ్చి దానికి గాలీ మట్టీ తగిలాయి, ఇప్పుడు చీము ఉంది. చీము బయటికి పోయే దారిని కట్టి మూసేస్తే అది లోపలికి పాకుతుంది. బిగుతు కట్టు రక్తాన్ని ఆపితే, అప్పుడు నిజంగానే కాలు పోయే ప్రమాదం ఉంది. పైనుంచి నూనె రాసి తోమడం కూడా వద్దు. ఊరి నుంచి వచ్చినవాళ్లు ప్రేమతోనే తోముతారు, కానీ ఒప్పుకోవద్దు.

తిండి దగ్గర నాకు నిజంగా బాధేసింది. పప్పు తింటే చీము పడుతుందనే మాట మన ఇళ్లల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, కుట్లు పడిన ప్రతి మనిషినీ చారన్నంతో నెలలు గడిపిస్తాం. చీముకు కారణం క్రిమి. పప్పు కాదు, వంకాయ కాదు, గుడ్డు కాదు. పుండు మానడానికి, ఎముక అతకడానికి మాంసకృత్తులు కావాలి. 65 కిలోల మనిషికి ఈ సమయంలో రోజుకు 80 నుంచి 100 గ్రాములు అవసరం, మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడిగి తగ్గించాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు గ్రాముల దాకా ఉంటాయి. గిన్నెడు చారన్నంలో నాలుగైదు గ్రాములు కూడా కష్టం, పైగా అంతా పిండిపదార్థం, షుగర్ పెంచుతుంది. ఐదు నెలలుగా ఆయన ఒంటికి అతకడానికి కావాల్సిన సరుకు అందలేదు. ఈ రోజు నుంచే పెట్టండి: మీ సీమ రుచుల్లోనే ఉన్నాయి అన్నీ. రాగి సంగటి కొలతగా, పక్కన చిక్కటి పప్పో ఉలవలో అలసందలో, రెండు గుడ్లు, తినేవాళ్లయితే చికెన్ లేదా చేప, పెరుగు. విటమిన్ డి, రక్తం శాతం పరీక్షలు చేయించి తక్కువుంటే సరిచేయించండి.

షుగర్ విషయం ఇంతకన్నా ముఖ్యం. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు రక్తంలో షుగర్‌ను సాధారణంగా 180 లోపు ఉంచాలని చూస్తారు, అవసరమైతే కొన్నాళ్లు ఇన్సులిన్ ఇస్తారు. వద్దనకండి. ఆయనకు సిగరెట్, బీడీ అలవాటుంటే, మీరు రాయలేదు గానీ క్యాబ్ లైన్‌లో చాలామందికి ఉంటుంది, పూర్తిగా మానాల్సిందే. పొగాకు చిన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ఎముక అతకడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంది. తగ్గించాను అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇంకొక్క జాగ్రత్త. ఈ రాడ్డును మోకాలి దగ్గర నుంచే లోపలికి దించుతారు. కాబట్టి ఆయన మోకాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, కొంచెం వంచినా ఓర్చుకోలేని నొప్పి వస్తే అది కీలులోకి చీము దిగిన లక్షణం కావచ్చు. కీలులో చీము ఉంటే లోపలి మృదులాస్థి రోజుల్లోనే పాడవుతుంది, పాడైంది మళ్లీ రాదు. ఓపీ టోకెన్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి, సూదితో నీరు తీసి చూసి అవసరమైతే అదే రోజు కడుగుతారు. పిల్లలకు ఇదే జబ్బు తుంటి కీలులో వస్తే జ్వరంతో పాటు కాలు కింద పెట్టనని ఏడుస్తారు. అదీ అంతే అత్యవసరం.

ఎక్కడ చూపించాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఇది ఒక్క ఎముకల డాక్టరు పని కాదు. ఎముకల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, ఇన్ఫెక్షన్ల నిపుణులు ఒకే చోట ఉన్న ఆసుపత్రి కావాలి. ముంగాలి మీద చర్మం కిందే ఎముక ఉంటుంది, కండ తక్కువ. పుండు తీసేశాక చర్మం చాలకపోతే పిక్క నుంచి కండ తిప్పి కప్పాలి. బెంగళూరులో జయనగర్ వైపు ప్రభుత్వ సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ ఆసుపత్రి ప్రత్యేకంగా ఇలాంటి వాటికే ఉంది. కోరమంగళలో సెయింట్ జాన్స్, కేఆర్ మార్కెట్ దగ్గర విక్టోరియా లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రులూ ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డు గాని ఆంధ్ర ఆరోగ్య కార్డు గాని ఉంటే పట్టుకెళ్లి, చేరకముందే హెల్ప్ డెస్క్‌లో ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో అడగండి.

మొదటి ఆసుపత్రి తప్పా అంటే, ఉత్తరం చూసి నేను తేల్చలేను. ఎముక బయటికి వచ్చిన గాయాల్లో, అందులోనూ షుగర్ ఉన్న మనిషికి, అన్నీ సరిగ్గా చేసినా కొందరికి ఇన్ఫెక్షన్ వస్తుంది. అయినా మీరు కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, రాడ్డు మీది స్టిక్కరు కాపీ అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. పోట్లాటకు కాదు, రాడ్డు ఏ కంపెనీది, ఏ సైజు అనేది తెలిస్తే తీసే సర్జన్‌కు సరైన పరికరాలు ముందే తెప్పించుకోవడానికి వీలవుతుంది.

మీ మరిదికి చెప్పాల్సింది ఇది. ఎముక బయటికి కనబడితే లోపలికి నెట్టకూడదు. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ చల్లకూడదు. అవన్నీ తర్వాత సర్జన్ ఒక్కో గింజా ఏరి తీయాల్సిన చెత్తే. ఫోన్‌తో గాయం ఫొటో ఒకటి తీసి, ఉతికిన శుభ్రమైన బట్టతో కప్పి, అట్టపెట్టె మడిచి కాలికి ఆసరాగా కట్టి 108కి ఫోన్ చేయాలి. ఫొటో ఎందుకంటే, ఆసుపత్రిలో వచ్చిన ప్రతి డాక్టరూ కట్టు విప్పి చూడకుండా దాన్నే చూస్తారు, విప్పిన ప్రతిసారీ క్రిములకు దారి ఇచ్చినట్టు. మొదటి డోసు యాంటీబయాటిక్ సూది వీలైతే గంటలోపు పడాలి. అన్నిటికన్నా ఎక్కువ తేడా చేసేది ఇదే. చిన్న ఆసుపత్రి నుంచి పెద్దదానికి పంపిస్తుంటే, యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చారా, ఎన్ని గంటలకు ఇచ్చారు అని అడిగి చీటీ మీద రాయించుకోవాలి. థియేటర్‌లో గాయం కడిగేది మామూలు సెలైన్‌తోనే, ధారాళంగా. సబ్బు నీళ్ల కన్నా సెలైనే నయమని 2015లో వచ్చిన ఫ్లో పరిశోధనలో తేలింది. దారిన పోయేవాళ్లు పోలీసు కేసు భయంతో ఆగకపోతే, మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 134ఏ రక్షణ ఇస్తోందని మీ మరిది గుర్తుచేయవచ్చు.

చివరిగా బండి. కుడికాలు కాబట్టి బ్రేకు మీద పడే కాలు అదే. ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనబడి, కర్ర లేకుండా నొప్పి లేకుండా నడిచి, ఆగి ఉన్న బండిలో ఒక్కసారిగా గట్టిగా బ్రేకు తొక్కగలిగే దాకా ఆయన స్టీరింగ్ పట్టుకోకూడదు, ప్రయాణికుల ప్రాణాలు కూడా అందులో ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత నాలుగు నెలల నుంచి ఎనిమిది నెలల దాకా పడుతుందని, ఇలిజారోవ్ వేస్తే ఏడాదీ దాటవచ్చని అనుకొని ఇంటి లెక్క వేసుకోండి. కారు సొంతదే అయితే ఈలోగా నమ్మకస్తుడైన డ్రైవర్‌ను పెట్టి నడిపించండి, లోను మీద అయితే బ్యాంకుకు ఆసుపత్రి కాగితాలు చూపించి వాయిదాలకు గడువు ఇప్పుడే అడగండి, బకాయి పడ్డాక అడిగితే కష్టం.